ఎవరూ అడగని స్లైడు

సూరత్‌లోని ఆల్థాన్‌లో కొడుకు దగ్గర ఉంటున్న ఓ పెద్దాయన చెప్పిన సంగతి ఇది. ఆయన మైక్రోబయాలజిస్టు. సర్వీసంతా హైదరాబాద్‌లో, అదీ ఒకే ఒక్క జీవితో గడిపారు. మైకోబాక్టీరియం ట్యూబర్‌క్యులోసిస్, అంటే టీబీ పురుగు. దానంత తీరుబడిగల ప్రాణి ఇంకోటి లేదంటారు. మన పేగుల్లో ఉండే ఈ.కోలై అనుకూలిస్తే 20 నిమిషాల్లో రెండవుతుంది. ఇది రెండు కావడానికి దాదాపు రోజంతా పడుతుంది. దీని మేత కూడా అలాంటిదే. కోడిగుడ్లు కొట్టి, మలకైట్ గ్రీన్ అనే రంగు కలిపి, సీసాల్లో వాలుగా పడుకోబెట్టి వేడికి గడ్డకట్టిస్తారు. శుద్ధిచేసిన కళ్లె దాని మీద వేశాక కంటికి ఆనేంత పొక్కు లేవడానికి మూడు వారాలు, ఒక్కోసారి ఎనిమిది. ఇంట్లో గుడ్డు ముట్టని మనిషి ల్యాబులో డజన్ల లెక్కన పగలగొట్టేవారట. థీసిస్ ఎప్పటికవుతుందని ఎవరైనా అడిగితే "నన్నడిగితే ఏం లాభం, పురుగునడగండి" అనేవారు.

1993లో ప్రపంచ ఆరోగ్య సంస్థ టీబీని ప్రపంచవ్యాప్త అత్యవసర పరిస్థితిగా ప్రకటించింది. అప్పట్లో మన దేశంలోనే ఏటా దాదాపు 5 లక్షల మంది దానితో పోతున్నారు. ఈయన సంబరపడ్డారు. చావులకు కాదు లెండి, ఇప్పటికైనా ల్యాబుకు నాలుగు డబ్బులొస్తాయని. ఫ్రిజ్ అడిగిన ఫైలు మాత్రం ఉన్నచోటే ఉంది.

మరుసటేడు సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగన్నారు. తాపీ నది వరద తీసింది, వినాయక నిమజ్జనం అయింది, ఆ వెంటనే వేద్ రోడ్డు వైపు జనం దగ్గీ దగ్గీ పోతున్నారని వార్త. అంతే, లక్షల మంది మూటాముల్లే సర్దుకున్నారు. డాక్టర్లే చాలామంది క్లినిక్‌లకు తాళాలేసి వెళ్లిపోయారు. మందుల షాపుల్లో టెట్రాసైక్లిన్ మాయమైంది. కొన్ని దేశాలు మనకు విమానాలే ఆపేశాయి. తీరా లెక్క తేలితే దేశం మొత్తమ్మీద చావులు 60 లోపే. ఇవాళ సూరత్ రోడ్లు చూపించి ఇది ప్లేగొచ్చిన ఊరంటే పెద్దాయన మనవడు నమ్మడు. 1995లో కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు ఊరిని అలా కడిగిపెట్టారు మరి. టీబీకి అలాంటి రావు ఒక్కడూ తగల్లేదని పెద్దాయన ఉక్రోషం.

సరే, ఆ గోలలో ఈయన్నీ ప్లేగు పనికి లాగారు. "మీ టీబీ ఎక్కడికీ పారిపోదు, ముందు ఇది చూడండి" అన్నాడట పై అధికారి.

ఒక రాత్రి సికింద్రాబాద్‌లో రైలు దిగినవాణ్ణి దిగినట్టే పట్టుకొచ్చారు. సూరత్ లింబాయత్‌లో సాంచెలు నడిపే మనిషి, ముప్పై ఏళ్లు కూడా ఉండవు. దవడలు పీక్కుపోయాయి. దగ్గుతున్నాడని బోగీలో జనం దారి పొడుగునా తలుపు దగ్గరే కూర్చోబెట్టారు. ఇంటివాళ్లు ఆసుపత్రి గేటు దాటి లోపలికి రాలేదు. బావమరిది ముక్కుకు తువ్వాలు బిగించుకుని, చంటిపాపను ఎత్తుకుని, అల్లంత దూరాన నిలబడ్డాడు.

కళ్లె తీసి మొదటి స్లైడు వేశారు. ప్లేగు క్రిమికి రంగు రెండు కొసలా పట్టి అచ్చం పిన్నీసులా కనబడుతుంది. ఎంత వెతికినా పిన్నీసు జాడ లేదు. రెండో స్లైడు ఎవరూ అడగలేదు, చేతి అలవాటు కొద్దీ వేశారు. కార్బాల్ ఫుక్సిన్ పోసి, స్పిరిట్ దీపం మీద ఆవిరి లేచేదాకా కాచి, యాసిడ్‌తో కడిగి, పైన నీలం అద్దారు. మైక్రోస్కోపు కింద నీలం నేల మీద సన్నటి ఎర్ర పుల్లలు. స్లైడు ఎటు జరిపినా గుంపులు గుంపులు. కళ్లెలో ఇన్ని ఉన్నాయంటే, ఆ మనిషి దగ్గినప్పుడల్లా గాల్లోకి వదులుతున్నట్టే.

గబగబా బయటికొచ్చారు.

"ప్లేగు కాదు. కానీ టీబీ, బాగా ముదిరింది. పసిపాపను మాత్రం దగ్గరికి..."

మిగతా మాట ఎవరికీ వినబడలేదు. ముసలితల్లి అక్కడే కూలబడి "సల్లగుండు సారూ, నా కొడుకును బతికిచ్చినవ్" అని దండం పెట్టింది. వార్డుబాయి మూతిగుడ్డ లాగేసి బీడీ ముట్టించాడు. బావమరిది ముక్కు మీది తువ్వాలు విప్పి భుజాన వేసుకుని, రైలెక్కింది మొదలు తండ్రి కంటబడనివ్వని పాపను తెచ్చి అతని ఒళ్లో కూర్చోబెట్టాడు.

"ప్లేగు గాదంట బావా, ఉత్త టీబీయేనంట. ఇగో, ముద్దు వెట్టుకో."