లాంగ్ వీకెండ్ కెప్టెన్

అమెరికాలో నాలుగు తెలుగు కుటుంబాలు కలిసి తిరుగుతుంటే వాటిలో ఒక కెప్టెన్ తప్పకుండా ఉంటాడు. ఎవరూ ఎన్నుకోరు. జనవరి చలిలోనే జూలై నాలుగు సెలవుల కోసం వాట్సాప్ గ్రూపు పెడతాడు, గదులు బుక్ చేస్తాడు, ఎక్సెల్ షీటు పంచుతాడు. అందులో ఫోటోలకు ఒక రంగు గడి, భోజనానికి ఒకటి, బాత్‌రూముకు ఒకటి. ఆ చివరి గడి దాటాక ఎవరికైనా అవసరం పడితే కెప్టెన్ ముఖం చూడలేం.

ఈసారి ఎల్లోస్టోన్. 1872లో వెలసిన ఈ నేషనల్ పార్కులో పెద్ద సరస్సు, సరస్సులో దీవులు, జలపాతాలు, కొండలు, వీటన్నిటికీ తోడు కుతకుతలాడే వేడినీటి బుగ్గలు. షీటు ప్రకారం రెండు రోజుల్లో అన్నీ అయిపోవాలి. పార్కులోపల ఎనిమిది అంకెలా తిరిగే రోడ్డు 142 మైళ్ళు. హైవే వేగంతో భాగిస్తే రెండు గంటల చిల్లర అని కెప్టెన్ తేల్చేశాడు. అక్కడ 45 మైళ్ళ వేగం దాటకూడదన్నది లెక్కలోకి రాలేదు. బైసన్లు అసలే రాలేదు.

వాటి మంద రోడ్డెక్కిందంటే ఇక అంతే.

"హారన్ కొట్టనా అన్నా?"

"ఒద్దురా బాబూ! ఒక్కొక్కటీ తొమ్మిది వందల కిలోల దాకా ఉంటుంది. కారు అద్దెది."

వాటికి 25 గజాల దూరంలో, ఎలుగుబంట్లకూ తోడేళ్ళకూ వంద గజాల దూరంలో ఉండాలన్నది పార్కు నియమం. తిండి పదార్థాలు బయట వదలకూడదన్నది ఇంకొకటి. పిక్నిక్ బల్ల మీద ఆవకాయ సీసా ఉండిపోయిందని కెప్టెన్ పరుగెత్తబోతే అత్తయ్యగారు కంగారు పడలేదు. "ఒకసారి తిననీ బాబూ, మళ్ళీ ఈ దరిదాపులకు రాదు."

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్‌కు షీటులో ఇచ్చిన సమయం 10.40 నుంచి 10.55. ఆ బుగ్గ దాదాపు గంటన్నరకోసారి ఎగజిమ్ముతుంది. కిందటిసారి ఎంతసేపు చిమ్మిందో చూసి, తర్వాతిది ఎప్పుడో అంచనా కట్టి అక్కడ బోర్డు పెడతారు. తక్కువసేపు చిమ్మితే తొందరగా వస్తుంది, ఎక్కువసేపైతే ఆలస్యం. అంచనా పది నిమిషాలు అటూ ఇటూ అవుతుందని కూడా ముందే చెబుతారు. కెప్టెన్ మాత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ లేటయినట్టు వాచీ చూసుకుంటూ పచార్లు చేశాడు. తీరా అది నూట ముప్పై అడుగులు లేచేసరికి, తర్వాతి గడికి ఎంత సమయం మిగిలిందో ఫోనులో లెక్కవేస్తున్నాడు.

లోయర్ ఫాల్స్ దగ్గర మామయ్యగారు పెదవి విరిచారు. "నయాగరా చూసేశాం కదయ్యా."

"దీని ఎత్తు 308 అడుగులు మామయ్యగారూ. నయాగరాకు దాదాపు రెండింతలు."

"నీళ్ళు మాత్రం అక్కడే ఎక్కువ."

ఇద్దరి మాటా నిజమే. జలపాతం అంచు దాకా దిగే కాలిబాట అరమైలు కూడా లేదు, కానీ ఆరు వందల అడుగుల దిగుడు. దిగినంతా మళ్ళీ ఎక్కాలి. షీటులో దీనికి పావుగంట.

సరస్సు మీద పడవ ప్రయాణంలో స్టీవెన్సన్ దీవి ఒడ్డున ఒక పాత ఓడ శిథిలం చూపిస్తారు. ఈ.సీ. వాటర్స్ అనే వ్యాపారి 1905లో ఐదు వందల మందిని తిప్పుతానని తన పేరే పెట్టి కట్టించిన ఓడ అది. అంతమందిని ఎక్కించడానికి అనుమతి రాలేదు. కెప్టెన్ ఆ కథ వింటూ ఎందుకో నొచ్చుకున్నాడు.

అసలు దెబ్బ రాత్రి అన్నం దగ్గర తగిలింది. పార్కు ఉన్న ఎత్తులో నీళ్ళు నూరు డిగ్రీలకు కాదు, 93 దగ్గరే మరుగుతాయి. ఎలక్ట్రిక్ కుక్కర్ టక్కున ఆగిపోయింది, అన్నం పలుకు మిగిలింది. షీటులో అన్నానికి గడి ఉంది, ఎత్తుకు లేదు. పెరుగు ఎక్కువ పోసుకుని పిల్లలు తిన్నారు. పెద్దలు చిప్స్‌తో సర్దుకున్నారు.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. కెప్టెన్ లేకపోతే ఆ నాలుగు కుటుంబాలూ జూలైలో గదులు దొరక్క, ఇంట్లోనే సినిమా పెట్టుకు కూర్చునేవి. తిరిగొచ్చిన వారానికే లేబర్ డేకి గ్లేసియర్ పార్కు షీటు గ్రూపులో దిగింది. మీ గ్రూపులోనూ ఇలాంటిది దిగితే రోజుకు రెండు చోట్లు మాత్రం ఉంచి, మిగతావి కొట్టేసి పంపండి. సామాన్ల జాబితాలో ప్రెషర్ కుక్కర్ మీరే రాయండి.