పెట్టెకు తాళం, గాలికి దండం

పెనుగొండ పరిసరాల్లో ఏ కాలువ గట్టునో, మంచినీటి చెరువు పక్కనో స్తంభానికి బిగించిన ఇనప్పెట్టె కనిపిస్తే చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకోండి. అందులో రేడియో మోడెం వేంచేసి ఉండొచ్చు. నీళ్ళు ఎంత మట్టంలో ఉన్నాయో, మోటారు తిరుగుతోందో పడుకుందో ఆఫీసుకి ఎప్పటికప్పుడు కబురు చెయ్యడం దాని ఉద్యోగం. పెట్టెకు పెద్ద తాళం ఉంటుంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు కాబట్టి భద్రత అంతవరకూ పకడ్బందీ.

లోపలున్న మోడెం పాస్‌వర్డు మాత్రం కంపెనీవాడు పుస్తకంలో అచ్చేసి పంపిందే. నెట్‌వర్క్ నంబరూ వాడిచ్చిందే. ఎన్‌క్రిప్షన్ కీ రాయాల్సిన గడి నున్నగా ఖాళీ. ఇదేమిటయ్యా అంటే, "మారిస్తే మర్చిపోతామండీ, ఆయ్!" అంటాడు కాంట్రాక్టరు. మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చేలోగా "తమరు ఎవరి తాలూకండీ?" అని మూడు తరాలు తవ్వే సీమ మనది. మన మోడెం ఆ పాటి ఆరా కూడా తియ్యదు. అదే రకం మోడెం ఇంకోటి కొనుక్కుని, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూర్చున్నవాడెవడైనా దానికి అయినవాడే.

పైగా అది మోసే భాష చాలాచోట్ల మోడ్‌బస్, 1979లో పుట్టింది. కబురు దార్లో చెడిందా లేదా అని లెక్క కట్టి మరీ సరిచూసుకుంటుంది. పంపిందెవరో మాత్రం అడగదు. "మోటారు ఆపు" అన్నది ఇంజనీరుగారైనా, ఇంజనీరుగారి మీద కోపమున్నవాడైనా దానికొకటే.

కోపమంటే గుర్తొచ్చింది. ఆస్ట్రేలియాలో మరూచీ అనే చోట 2000లో ఒకాయన కౌన్సిల్ తనకు ఉద్యోగం ఇవ్వలేదని అలిగి, కారులో రేడియో, లాప్‌టాప్ పెట్టుకుని తిరుగుతూ మురుగునీటి పంపులకు తానే ఆజ్ఞలు పంపాడు. దాదాపు 8 లక్షల లీటర్ల మురుగు పార్కుల్లోకీ వాగుల్లోకీ పోయింది. అమెరికాలో డల్లాస్ నగరంలో 2017 ఏప్రిల్‌లో ఓ అర్ధరాత్రి ఎవడో రేడియో సంకేతం పంపి 156 తుఫాను సైరన్లను ఒక్కసారిగా కూయించాడు. మనకా బెంగ లేదు లెండి. ఉద్యోగం రానివాళ్ళూ బిల్లు రానివాళ్ళూ మన జిల్లాలో ఎక్కడున్నారు?

ఇక కబురు నమ్మకంగా చేరే సంగతి. ఈ రకం రేడియోలకు లైసెన్సు అక్కర్లేకుండా వాడుకోమని మన ప్రభుత్వం వదిలినవి 865–868 మెగాహెర్ట్జ్. మోడెం అమెరికా సెట్టింగుతో దిగితే 902–928లో కూస్తుంది. అందులో కొంత ఇక్కడ సెల్‌ఫోన్లకు కేటాయించింది. మెనూలో దేశం పేరు మార్చడానికి రెండు నిమిషాలు చాలు, కానీ ఆ రెండు నిమిషాలకు ఎస్టిమేట్‌లో పద్దు లేదు. స్తంభం మాటా అంతే. కాగితం మీద స్తంభం కొబ్బరిచెట్టును దాటుతుంది, గట్టు మీద కొబ్బరిచెట్టు స్తంభాన్ని దాటుతుంది. మే నెలలో ఎండిన ఆకుల మధ్య సిగ్నల్ చూసి సంతకాలు చేస్తారు. ఆషాఢం వచ్చి ఆకు తడిసిందా, కబురు ఆగిపోతుంది. "వాన కదండీ" అంటారు. పాపం, వాన! ఈ తరంగాలను వానచినుకు ఆపనే ఆపదు. తడిసిన ఆకులూ, టేపు చుట్టకుండా వదిలేసిన కనెక్టర్‌లో చేరిన నీళ్ళూ ఆపుతాయి. అందుకే తెలిసినవాళ్ళు సిగ్నల్లో కనీసం 20 డెసిబెల్స్ మిగులు చూసుకుంటారు. మనవాళ్ళకు మిగులు అంటే స్ఫురించేది వేరు.

కబురు ఆగితే ఆగింది, ఆగిందని ఆఫీసులో తెరైనా ఒప్పుకోవాలి కదా! నిన్న సాయంత్రం అందిన అంకెనే పచ్చరంగులో ఈరోజూ చూపిస్తుంది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఎగరేసే గోదావరి ఒడ్డున, పాత అంకెను కొత్తదిగా చూపించే తెర కోసే కోత గట్టు తెగినంత ప్రమాదం. 2022 జూలైలో మూడో హెచ్చరికా దాటింది నది. అలాంటి రాత్రి గట్టు మీద లస్కరు టార్చిలైటు వేసి కొలబద్ద చూసి ఫోన్లో చెప్పిన అంకెనే నేనైతే నమ్ముతాను.

"ఈ రేడియో గోలెందుకు, సిమ్ కార్డు వేసేస్తే పోలా?" అనే మేధావులు మనలో తక్కువేం లేరు. 2022 మే 24న అమలాపురంలో గొడవలయ్యాక కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ రోజుల తరబడి ఆపేశారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకి విశాఖలో సెల్ టవర్లు మూగబోయాయి. సొంత రేడియో ఉండాల్సింది సరిగ్గా అలాంటి రోజుల కోసమే. మోడెం మంచిదే, దాన్ని దించిపోయినవాళ్ళతోనే పేచీ.

అందుకని ఒకాయనతో అన్నాను: బిల్లు పాసు చేసేముందు శ్రావణంలో వాన పడే రాత్రి ఆ యాంటెన్నా వైరు పీకండి, ఎన్ని నిమిషాలకు తెర ఎర్రబడుతుందో చూడండి. ఆ తర్వాత బజార్లో కొన్న ఇంకో మోడెంతో మోటారు ఆపమనండి. నిన్నటి ఆజ్ఞను రికార్డు చేసి ఇవాళ వినిపించండి. మోటారు మాట విందంటే రూపాయి ఇవ్వకండి.

ఆయన కాసేపు ఆలోచించి, "అలాగైతే టెండరుకి ఎవరొస్తారండీ?" అన్నాడు.