రైలు రాని స్టేషన్లో కాపురం

మా ఊరికి రైల్వే స్టేషను లేదు. నందివెలుగు వాడు రైలెక్కాలంటే తెనాలి వెళ్ళాలి. తెనాలి రద్దీ పడనివాడు కొలకలూరు వెళ్ళి పాసింజరు కోసం కాచుక్కూచోవాలి. బెజవాడనూ మద్రాసునూ కలుపుతూ 1899లో లైను తెరిచినవాళ్ళు మమ్మల్ని పట్టించుకోలేదు. 1916లో గుంటూరు నుంచి తెనాలి మీదుగా రేపల్లె దాకా పట్టాలు పరిచిన మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే వాళ్ళ కంటికీ మేం ఆనలేదు. నూరేళ్ళ నాటి ఈ అన్యాయాన్ని సరిదిద్దే పని, లెక్కల మాష్టారుగా రిటైరయ్యాక, ఎవరూ అడక్కుండానే నెత్తికెత్తుకున్నాను.

పురుగు కుట్టింది ఇంగ్లండు వైపు నుంచి. 1963లో అక్కడ బీచింగ్ అనే పెద్దమనిషి, నష్టాలొచ్చే రైలు మార్గాలు మూసెయ్యమని నివేదిక ఇచ్చాడు. రెండువేల మూడొందల పైచిలుకు స్టేషన్ల పేర్లు అందులో ఉన్నాయి. మూతపడ్డవాటిలో కొన్నిటిని జనం కొనుక్కుని, ప్లాట్‌ఫారం మీద పూలకుండీలు పెట్టుకుని, వెయిటింగు రూములో పిల్లల్ని పడుకోబెట్టుకుని హాయిగా కాపురాలు చేస్తున్నారు. ఫ్రెంచివాళ్ళయితే 1900లో కట్టిన ఓర్సే స్టేషన్ని 1986 కల్లా మ్యూజియమే చేసిపారేశారు. అసలు ప్యారిస్ వాళ్ళకున్న సరదా ఆంధ్రా ప్యారిస్ పక్కూరివాడికి ఉండకూడదా అని మా ఆవిణ్ణి అడిగాను.

"ముందు బాత్రూం గొళ్ళెం బాగుచేయించండి" అంది.

కాపురానికి స్టేషను కావాలంటే మన దగ్గర అంత సులువు కాదు. బళ్ళు ఆగడం మానేసినా స్థలం రైల్వేదే. పడగ్గది కట్టుకోండంటూ ఎవరూ మనకు దస్తావేజు రాసివ్వరు. గుంటూరు–మాచర్ల లైను మీటరు గేజి నుంచి బ్రాడ్ గేజికి మారింది కదా, ఆ దారిలో పాత స్టేషనేదైనా ఖాళీగా పడి ఉందేమో చూసొస్తానన్నాను. "పల్నాడు ఎండల్లో కాపురం మీరొక్కరే చెయ్యండి, కార్తీకమాసంలో చూడ్డానికొస్తాను" అంది. దాంతో స్టేషన్ని ఇల్లు చేసే ఆలోచన అటకెక్కింది. ఇంటినే స్టేషను చేసే ఆలోచన దిగింది. దొరికింది మా తాతగారి పెంకుటిల్లు.

ఇందులో తప్పేమీ లేదనే ఇప్పటికీ నా వాదన. మా వైపు పాతది పడగొట్టడం, దాంతో కొత్తది కట్టడం తరాల నాటి అలవాటు. భట్టిప్రోలు బౌద్ధ స్తూపం రాళ్ళు కాలువ తూముకూ రోడ్డు పనికీ పోగా, 1892లో అలెగ్జాండర్ రే వచ్చి మిగిలిన దిబ్బ తవ్వితే అస్థికల కరండాలు దొరికాయి. మా ఇంట్లో వెనక మిద్దెగదికి దూలాలుగా ఉన్నవి కూడా పాత రైలు పట్టాలే. ఆ లెక్కన రైల్వేతో మాది మూడు తరాల బంధుత్వం.

పాత సామాను వేలంలో పాడుకునే వ్యాపారి ఒకాయన దొరికాడు. ఆయన దగ్గర టికెట్ల కిటికీ, చేతులున్న టేకు బెంచీలు, కాళ్ళు చాపుకునే పడక్కుర్చీ, రెండువైపులా ముఖమున్న గడియారం, స్లీపరు చెక్కలు, గంటగా కొట్టుకోడానికి పట్టా ముక్క కొన్నాను. లాయరైన మా బావమరిది వచ్చి అన్నీ చూసి, "బావగారూ, రైల్వే ఆస్తి అక్రమంగా ఉంచుకుంటే 1966 నాటి చట్టం ఉంది. సక్రమంగానే వచ్చిందని రుజువు చేసుకోవాల్సింది కూడా మీరే" అన్నాడు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. తెల్లారి రసీదులన్నిటికీ ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాను. మేకు కోసం వెతకలేదు, అక్కడ అప్పటికే మా పెళ్ళి ఫోటో ఉంది.

ముందు వసారా మీద పడ్డాను. ప్లాట్‌ఫారం అంటే ప్లాట్‌ఫారంలా ఉండాలి. ఎత్తు ప్లాట్‌ఫారానికి రైల్వేవారి కొలత పట్టా మట్టం నుంచి 760 మొదలు 840 మిల్లీమీటర్లు. టేపు పెట్టి కొలిచి మరీ అరుగు లేపించాను. "మెట్లెక్కడ పెట్టమంటారు మేష్టారూ?" అన్నాడు తాపీమేస్త్రీ. రైలొచ్చే వైపు మెట్లుంటాయా అని నవ్వాను. మర్నాడు మా అత్తగారు వచ్చారు. ఆవిడ మోకాళ్ళకు ఒక మెట్టే కొండ. రెండుమ్ముప్పావు అడుగుల అరుగు ముందు నిలబడి, "అల్లుడుగారూ, నేను రావడం ఇష్టం లేకపోతే ఒక మాట చెబితే సరిపోయేదిగా" అన్నారు. ముక్కాలిపీట వేసి, నేనొకవైపు మా ఆవిడొకవైపు పట్టుకుని ఎక్కించాం. ఇప్పటికీ ఆ పీట అక్కడే ఉంటుంది. మెట్లు మాత్రం పెట్టించలేదు. నా పట్టుదల నాది.

టికెట్ల కిటికీని వంటింటికీ హాలుకీ మధ్య గోడలో పెట్టించాను. ఇడ్లీలు అందులోంచి అందుకోవాలని ముచ్చట. ఎడ్మండ్సన్ అనే ఆయన 1830లలో కనిపెట్టిన అట్టముక్క టికెట్టు పొడవు రెండుంపావు అంగుళాలు. ఆ కిటికీ పుట్టింది ఆ టికెట్టుకీ, చిల్లరకీ, ఒక చేతికీ. మా కంచానికి కాదు. కంచం నిలువుగా తిప్పితే పడుతుంది గానీ ఇడ్లీ పడదు. చివరికి వడలొక్కటే ఒకటొకటిగా ఆ కంతలోంచి వస్తున్నాయి. ఓ రోజు పచ్చడిలో ఉప్పు తక్కువైందన్నాను. అవతల చెక్క టప్పున దిగింది. వేళ్ళు కంతలో ఉండగానే కౌంటరు మూసేశారు.

బెంచీల సంగతి చెప్పడానికే సిగ్గుగా ఉంది. జనం అడ్డంగా పడుకోకుండా వాటికి మధ్యలో చేతులు బిగిస్తారు. మధ్యాహ్నం కునుకు లేనిదే బతకలేని నేను, పడుకోనివ్వని బెంచీని డబ్బిచ్చి కొని, సోఫా తీసేసి, ఆ చోట వేయించుకున్నాను. పోనీ పడక్కుర్చీ ఉందిగా అంటే, అది వచ్చిన రోజే మా అత్తగారి ఆధీనంలోకి వెళ్ళింది.

స్లీపరు చెక్కలతో భోజనాల బల్ల చేయించాను. కాంక్రీటు స్లీపర్లొచ్చాక చెక్కవి దొరకడమే అపురూపం. వడ్రంగి రెండు రంపపు బ్లేళ్ళు విరగ్గొట్టుకుని, కూలి రెట్టింపు పుచ్చుకున్నాడు. బల్ల మాఘమాసంలో దివ్యంగా ఉంది. చైత్రం వచ్చి ఎండ ముదిరేసరికి అందులోంచి తారు ఊరడం మొదలెట్టింది. చెక్క పుచ్చిపోకుండా దానికి క్రియోసోట్ పట్టిస్తారట. బొగ్గుతారు నుంచి తీసే నూనె అది. మామిడికాయ పప్పులో తారువాసన, ముంజకాయలో తారువాసన. డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయికి వీడియోలో బల్ల గొప్పగా చూపించాను. "నాన్నా, ఆ చెక్క ఇళ్ళలో వాడకూడదని ఇక్కడ ప్రభుత్వమే చెబుతుంది, ముందు బయట పారేయించండి" అంది. గొడ్లచావడికి చేర్చాం. గేదె వాసన చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

ఇక గంట. మా ఊరి బడిగంట కూడా రైలు పట్టా ముక్కే, ఆ సంగతి ముప్పయ్యేళ్ళు బళ్ళల్లో పనిచేసిన నాకు తట్టి ఉండాల్సింది. మధ్యాహ్నం కాఫీ వేళయిందని వసారాలో నిలబడి నా తృప్తి కొద్దీ గణగణా కొట్టాను. లాంగ్‌బెల్ అనుకుని బడిపిల్లలు సంచులతో సహా వీధిన పడ్డారు. వెనకే హెడ్మాష్టారు. ఆయన ఒకప్పుడు నా శిష్యుడే కాబట్టి ఏమీ అనలేక, "మాష్టారూ, మీరు కాఫీ కొంచెం నిశ్శబ్దంగా తాగాలండీ" అని చేతులు జోడించాడు. ఆ గంట మీద ఇప్పుడు తుండుగుడ్డలు ఆరేస్తున్నాం.

సెలవులకొచ్చిన మనవరాలికి మాత్రం ఇల్లు తెగ నచ్చింది. స్టీలు గ్లాసు నోటికడ్డం పెట్టుకుని, "ప్రయాణికులకు విజ్ఞప్తి. వంటింటి నుంచి హాలుకు రావలసిన భోజనం నలభై నిమిషాలు ఆలస్యంగా నడుస్తోంది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని చదివేది. అసౌకర్యానికి చింతించిన మాట ఆ ఇంట్లో అదొక్కటే నేను విన్నది.

బోర్డు దగ్గర ఆగి ఉంటే బాగుండేది. పసుపు మీద నల్లక్షరాలతో, మూడు భాషల్లో నందివెలుగు అని రాయించి వీధిలోకి నిలబెట్టాను. వారం తిరక్కుండా ఎవరో ముసలమ్మ వంకాయల గంపతో ముక్కాలిపీటెక్కి వచ్చి బెంచీ మీద కూర్చుంది. రేపల్లె బండి ఎన్నింటికని అడిగింది. మా ఆవిడ కిటికీలోంచి తొంగిచూసి, "ఇవాళ బండి లేదు పిన్నిగారూ, మజ్జిగ తాగి ఆటో ఎక్కండి" అంది. తర్వాత పెళ్ళివారు, పెట్టెలతో కుర్రాళ్ళు, పాలవాళ్ళు. ఆటోలు మా గుమ్మం ముందే ఆగడం మొదలైంది. మా ఆవిడ రోజూ ఒక కుండెడు మజ్జిగ అదనంగా చిలుకుతోంది, పైగా ఊరి కబుర్లన్నీ కాళ్ళ దగ్గరికే వస్తున్నాయని సంతోషంగానే ఉంది. నన్నడిగేవాళ్ళు మాత్రం మరుగుదొడ్డి ఎటని అడుగుతారు. దాని గొళ్ళెం ఇంకా అలాగే ఉంది.

మొన్న తెనాలి మార్కెట్లో కూరలు కొని ఆటో ఎక్కాను. నందివెలుగు అన్నాను.

"ఊళ్ళోకా, స్టేషనుకా?" అన్నాడు కుర్రాడు.

గుండె ఉప్పొంగింది. స్టేషనుకే అన్నాను.

"అయితే పది రూపాయలు ఎక్కువవుద్దండీ. సంచికి లగేజీ ఐదు."