పెదవుల మధ్య సందు

నన్ను స్లాట్ డై అంటారు. నున్నగా సానపట్టిన రెండు స్టీలు దిమ్మెలు, వాటి నడుమ విజిటింగ్ కార్డు మందాన ఒక షిమ్. ఆ షిమ్ విడిచిన సందే అసలు నేను. మిగిలినదంతా బరువు.

సందులోంచి పూత వేసే మా విద్య పుట్టింది ఫొటో ఫిల్ముల దగ్గర. కోడాక్‌లో బెగిన్ అనే ఆయనకు దాని మీద 1954లో పేటెంటు వచ్చింది. 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని బజారులోకి తెచ్చినప్పుడు, క్యాసెట్ టేపులకు పూత వేసిన అనుభవమే అక్కరకొచ్చింది.

నా ఎదుట రోలరు మీద రాగి రేకు పరుగెడుతుంది. మందం 8 మైక్రాన్లు, చెయ్యి తగిలితే ముడత పడుతుంది. పంపు తోసిన నల్లటి గ్రాఫైట్ స్లర్రీని దాని మీద పరచడం నా పని. పలచబడితే ఊరుకోరు. బ్యాటరీ చార్జింగ్‌లో వచ్చే లిథియానికి గ్రాఫైట్‌లో చోటు చాలక పైనే లోహంగా పేరుకుంటుంది, అది ముదిరితే లోపల షార్టే. అంచులైతే మరీ మొండివి, పొలం గట్టులా లేస్తాయి. ఒక్క పొరలో కంటికి ఆనవు. చుట్ట చుట్టాక వందల గట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి, అంచు ఉబ్బి, రేకు సాగిపోతుంది.

పూతను ఆరబెట్టే ఓవెన్ అవతల బీటా గేజ్ కూర్చుంటుంది. పూత గుండా కిరణాలు పంపి, అవతలికి ఎన్ని చేరాయో చూసి బరువు చెబుతుంది. దానికీ నాకూ పడదు. చెప్పేది నిజమే, కానీ చెప్పేసరికి నా తప్పు ఓవెన్ పొడవునా ఆరి ఉంటుంది.

మొన్న రాత్రి షిఫ్టులో "అన్నా, గీత పడుతోంది!" అని హెల్పర్ కేకేశాడు. నల్లటి పూతలో దారంలా రాగి మెరుస్తోంది. నా పెదవుల్లో ఉండ ఇరుక్కుంది. ఆపరేటర్ లైను ఆపి, పలచటి ప్లాస్టిక్ పట్టీని సందులో ఈ చివరినుంచి ఆ చివరికి లాగాడు. ప్రాణం లేచొచ్చింది. వెనకటికి ఒకడు స్క్రూడ్రైవరుతో గీకితే, ఆ గాటుకు నన్ను మళ్లీ గ్రైండింగుకు పంపాల్సి వచ్చింది.

ఈ ఆపరేటర్‌ది ఆత్రేయపురం. తెల్లారి నన్ను విప్పి తుడుస్తూ హెల్పర్‌తో అన్నాడు: "మా అమ్మమ్మ కాలిన కుండ మీద గుడ్డతో పిండి లాగేదిరా. పంపు లేదు, గేజ్ లేదు. ఒక్క పూతరేకూ చిరిగేది కాదు."

చిరిగినవి ఆవిడే తినేసి ఉంటుందని నా అనుమానం. మా దగ్గర చెడిన రేకు తూకమేసి మరీ స్క్రాపు డబ్బాలో పడుతుంది.