మూరెడు పూలు, ఆరు గజాల చీర

పొడవు కొలతల్లో పాతవన్నీ మనిషి ఒంటి మీదివే. నాలుగు వేళ్లు కలిపితే బెత్తెడు. చెయ్యి విప్పి చాపితే జాన, సీమవాళ్ల నోట జేన. రెండు జానలు మూర, రెండు మూరలు గజం, రెండు గజాలు బార. పట్టిక ఇంత పొందికగా ఉండటమే అనుమానించాల్సిన సంగతి.

మూర పుస్తకంలో 18 అంగుళాలు, అంటే 45.72 సెంటీమీటర్లు. ఆదోని బజారులో మల్లెల గంప దగ్గర మాత్రం మోచేతి నుంచి వేలికొన దాకా. బేరమాడితే వేలికొన మడతపడుతుంది. చిల్లర లేదంటే మణికట్టు కూడా వంగుతుంది. 1956 నాటి తూనికలు, కొలతల చట్టం పూలగంప దగ్గరికొచ్చేసరికి వాసన చూసి వెళ్లిపోయింది.

గజం 36 అంగుళాలు. 1959 నుంచి కచ్చితంగా 0.9144 మీటరు. ‘గజం మిథ్య’ అన్నది ఏనుగు గురించే అయినా బట్టల కొట్టుకూ చెల్లుతుంది. ఆరు గజాల చీర అంటే 5.49 మీటర్లు. చీరను గజాల్లో పొగుడుతారు, జాకెట్టు గుడ్డను మీటర్లలో చింపుతారు, దర్జీ అంగుళాల టేపు పడతాడు. ఒక్క ఒంటికి మూడు లెక్కలు. జాకెట్టు బిగుతైతే తప్పు మాత్రం ఒంటిదే.

నూలుకు లెక్క వేరు. ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు ఎన్ని ఉంటే అది దాని నంబరు. 40వ నంబరు నూలు పౌనుకు 33,600 గజాలు, అంటే 30.72 కిలోమీటర్లు. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు రోడ్డు కూడా దాదాపు అంతే. అరకిలోకు తక్కువైన ఆ నూలు కొసను ఆదోని పత్తి మార్కెట్టు గేటుకు ముడేసి నడిస్తే, ఎమ్మిగనూరు మగ్గాల దగ్గర చేతిలో చిలప అయిపోతుంది. 20వ నంబరైతే సగం దారిలో దిగబడాలి. 80వ నంబరైతే వెళ్లి, టీ తాగి, తిరిగి రావచ్చు. దారిలో గొర్రెల మందకు తెగినవి, బస్సు చక్రానికి చుట్టుకున్నవి అతకడానికి వెంట ఒక మనిషి ఉండాలి. ముళ్లలో పోయే పొడవు ఎవరి ఖాతాలో రాయాలో ఏ పుస్తకమూ చెప్పదు.

ఆ ముళ్లు వేసే మనిషి దగ్గర హాస్యం ఆగుతుంది. మాచాని సోమప్ప 1938లో ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం నెలకొల్పిన నాడూ, ఇవాళా, చేతిమగ్గం మీద తెగిన పోగును వేళ్లతోనే అతకాలి. గజాల కొద్దీ నేసేది జానెడు పొట్ట కోసం. ఎన్ని గజాలకు ఆ జాన నిండుతుందో తేల్చే పట్టిక ఇంతవరకు అచ్చు కాలేదు.

పొలానికి గొలుసు. థామస్ మన్రో దత్త మండలాల కలెక్టరుగా ఉన్నప్పుడు ఈ భూములను 33 అడుగుల గొలుసుతో కొలిపించాడు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న చెక్క ఒక గుంట; 40 గుంటలు ఎకరం. 1953 అక్టోబరు 1న ఆదోని తాలూకా బళ్లారి జిల్లాను వదిలి ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది. ఇక్కడ ఎకరానికి 100 సెంట్లు, కర్ణాటకలో 40 గుంటలు. గుంటకు రెండున్నర సెంట్లు. సరిహద్దుకు అటొకరు ఇటొకరు ఉన్న వియ్యంకుల మధ్య పొలం మాట వస్తే ముందు భాగహారం, తర్వాతే మర్యాదలు.

దారికి ఆమడ. రెండు మైళ్లు కోసు, నాలుగు కోసులు ఆమడ, సుమారు 12.87 కిలోమీటర్లు. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు రెండు ఆమడల పైచిలుకు. బస్సు టికెట్టు కిలోమీటర్ల లెక్కనే కొడతారు కాబట్టి అక్కడ పేచీ లేదు. పూలు కొనేవారు మాత్రం పొడుగు చేతుల మనిషిని చూసుకుని కొనాలి.