శరత్కాలంలో క్రోషే అల్లిక

క్రోషే అంటే ఒక కొక్కెం సూదితో, ఒకే దారంతో, ఉచ్చులోంచి ఉచ్చు లాగుతూ పోయే అల్లిక. ఫ్రెంచిలో ఆ మాటకు అర్థమే చిన్న కొక్కెం. స్వెట్టరు అల్లే రెండు సూదుల పనిలో వరుస మొత్తం సూదికే వేలాడుతుంది. సూది జారిందా, వరుసంతా జారినట్టే. క్రోషేలో ఎప్పుడు చూసినా ప్రాణమున్న ఉచ్చు ఒక్కటే. కుక్కరు కూత వేసినా, గ్యాస్ బండ అబ్బాయి గుమ్మంలో కేకేసినా, ఆ ఒక్క ఉచ్చునూ కాస్త పొడుగ్గా లాగి లేచిపోవచ్చు. పండగల ఇంట్లో ఈ అల్లిక బతికి బట్టకట్టిందంటే కారణం ఇదే. దసరా సెలవులకు ఇంటిపట్టునున్న పిల్లవాడు అదే ఉచ్చులో వేలు దూర్చి లాగితే, మూడు రోజుల పని మూడు నిమిషాల్లో దారమైపోవడానికీ కారణం ఇదే.

తెలుగునాట ఈ పనికి పుట్టిల్లు నరసాపురం. 1844లో స్కాట్లండు మిషనరీలైన మెక్రే దంపతులు అక్కడి ఆడవాళ్లకు నేర్పారని చెబుతారు. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపూ వచ్చింది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఆ అల్లికదారుల మీద 1982లో ఒక పుస్తకమే రాసింది. విదేశీ మార్కెట్టుకు గంటల తరబడి లేసు అల్లే ఆడవాళ్లను గృహిణుల కింద, ఆ పనిని తీరిక వేళ కాలక్షేపం కింద జమకట్టడమే అందులో ప్రధాన విషయం. ఆశ్వయుజ మాసంలో తెలుగు గృహిణికి తీరిక ఏ వేళ దొరుకుతుందో ఆ జమాఖర్చులు రాసినవాళ్లే చెప్పాలి.

ఇక రంగులు. విదేశీ నమూనాల్లో శరత్కాలపు రంగులంటే తుప్పు, ఆవాలు, ఇటిక, కాఫీగింజ. అక్కడ మేపుల్ ఆకులు ఆ కాలంలోనే ఎర్రబారి రాలతాయి. మన పంచాంగంలో ఆకు రాలేది శిశిరంలో, అంటే మాఘ ఫాల్గుణాల్లో. ఆశ్వయుజంలో వానలు వెనకబట్టి చెట్లన్నీ నిండు పచ్చగా ఉంటాయి. ఇక్కడి శరత్తు రంగులు వేరు: ఏటి ఒడ్డున రెల్లు తెలుపు, తంగేడు పసుపు, గునుగు, అన్నిటికీ మించి బంతి. న్యూజెర్సీ కోడలు కిటికీలోంచి మేపుల్ ఆకులు చూసి మురిసి పంపిన ఊలు ఉండలు ఇక్కడి అత్తగారికి ఇటికరాయి రంగుగానే కనబడతాయి. ఇద్దరి మాటా నిజమే.

గుమ్మానికి బంతిపూల తోరణం అల్లడం ఈ కాలపు ముఖ్యమైన పని. ఆ పువ్వు పుట్టేది బిళ్లలోంచే. పొట్టి కుట్టుతో చదునైన బిళ్ల రావాలంటే ఆరు కుట్లతో మొదలుపెట్టి, వరుసకు ఆరేసి చొప్పున పెంచాలి: 6, 12, 18, 24. పెంచడం మరిచిపోతే అంచు పైకి లేచి గిన్నె అవుతుంది. ఎక్కువ పెంచితే కుచ్చిళ్లు పడుతుంది. పదిహేడో కుట్టు దగ్గర "నా తువ్వాలు ఎక్కడుంది?" అని పెరట్లోంచి వినబడుతుంది. జవాబు చెప్పి వచ్చేసరికి లెక్క పోతుంది. పోయిన లెక్కతో అల్లిన బిళ్ల కుచ్చిళ్లు కుచ్చిళ్లుగా ముడుచుకుని అచ్చం బంతిపువ్వులా ఉంటుంది. కావాలని బంతిపువ్వు అల్లేవాళ్లు చేసేదీ అంతే, ఒక్కో కుట్టులో మూడేసి కుట్లు వేస్తారు. టీ కప్పు కింద పెట్టే బిళ్లగా మొదలై బంతిపువ్వుగా తేలినవి ఏ ఇంట్లోనైనా నాలుగైదు ఉంటాయి.

కుట్ల పేర్లలోనూ ఒక తిరకాసుంది. అమెరికా వీడియోలో సింగిల్ అన్నదే బ్రిటిష్ పుస్తకంలో డబుల్. తల్లి పుస్తకం చూసి, కూతురు ఫోన్ చూసి ఒకే తోరణాన్ని చెరో కొస నుంచీ అల్లితే రెండు పూలూ ఒక ఎత్తున రావు.

ఊలు ఉండ చుట్టూ ఉన్న కాగితం మీద రంగు వేసిన విడత నంబరు ఉంటుంది. దాన్ని చూడకుండా చింపి పారేయడం ఆచారం. సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు నారింజ ఊలు అయిపోతుంది. దుకాణంలో అదే కంపెనీ, అదే నారింజ తెచ్చి పక్కన పెడితే ఒకటి బంతి, ఒకటి కనకాంబరం. అప్పుడు ఒక పువ్వు ఇది, ఒక పువ్వు అది వేసి, మొదటినుంచీ అలాగే అనుకున్నామని చెప్పడం మేలు.

ఆ తర్వాత పని నడిచే తీరు అన్ని ఇళ్లలోనూ ఒకటే. బూజు దులిపేటప్పుడు సంచీ మంచం కిందికి పోతుంది. అట్లతద్దికి పెనం ముందు నిలబడాలి. దీపావళికి నిప్పురవ్వలు, ఆక్రిలిక్ ఊలు మంట తగిలితే కరిగిపోతుంది, కనుక సంచీ అటకెక్కుతుంది. కార్తీకమంతా తెల్లవారుజాము స్నానాలు, దీపాలు, వనభోజనాలు. ధనుర్మాసంలో ముగ్గుల గిన్నె కోసం వెతుకుతుంటే సంచీ మళ్లీ కనబడుతుంది. దసరా తోరణం సంక్రాంతికి గుమ్మమెక్కుతుంది. గొబ్బెమ్మల మీదా పెట్టేది బంతిపూలే కనుక రంగు మార్చనక్కర్లేదు.