గచ్చిబౌలిలో బలాంగీర్ కాన్సులేట్

గచ్చిబౌలి పేరులోనే గచ్చు ఉంది, బావి ఉంది. ఈ ఊరికి పేరు పెట్టినవాడెవడో గానీ, ముందు మేస్త్రీ పని చూసే పెట్టి ఉంటాడు. ఇప్పుడు అదే ఊళ్లో ఒక మేస్త్రీని బ్యాంకుకు తీసుకెళ్లి చూడండి.

నేను తీసుకెళ్లాను. మా బాత్రూమ్‌కు టైల్స్ వేసిన మేస్త్రీది ఒడిశాలోని బలాంగీర్ జిల్లా. ఎనిమిదేళ్లుగా ఇక్కడే పని. ఊళ్లో జన్‌ధన్ ఖాతా ఉంది గానీ కేవైసీ గడువు దాటి బిగుసుకుపోయింది. ఇలాంటి ఖాతాల కోసమే 2025 జూలై నుంచి సెప్టెంబరు దాకా పంచాయతీల్లో శిబిరాలు పెట్టారు. ఆ మూడు నెలలూ ఈయన ఇక్కడ పద్నాలుగో అంతస్తులో ఉన్నాడు. శిబిరం అంత ఎత్తుకు ఎక్కిరాలేదు. ‘‘ఇక్కడే ఒక ఖాతా తెరిపించండి సాబ్’’ అన్నాడు. ‘‘అదెంత పని’’ అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

కౌంటర్ బాబు ఆధార్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. ‘‘ఇది ఒడిశా అడ్రస్ అండీ.’’

‘‘ఔను, మనిషిది కూడా ఒడిశానే.’’

‘‘లోకల్ అడ్రస్ ప్రూఫ్ కావాలి. రెంటల్ అగ్రిమెంట్ గానీ, కరెంటు బిల్లు గానీ.’’

మేస్త్రీ ఉండేది సైటు పక్కన బిల్డర్ వేయించిన రేకుల షెడ్డులో. కరెంటు మీటరు బిల్డర్ పేరు మీద ఉంది. అగ్రిమెంటు కూలీలను పనికి తెచ్చిన సర్దార్ నోటి మీద ఉంది. గ్యాస్ కనెక్షన్ అడిగితే కట్టెల పొయ్యి, ఓటరు కార్డు అడిగితే మళ్లీ బలాంగీర్. బాబు మంచివాడే, జాలిపడ్డాడు. గొంతు తగ్గించి, ‘‘పోనీ మీ పేరు మీద ఇంకో ఖాతా తీసుకుని ఆయన్ని వాడుకోనివ్వండి సార్’’ అని ఉపాయం చెప్పాడు. ఆయన తల వెనక గోడ మీద పోస్టరు ఉంది: మీ ఖాతాను ఇతరులకు వాడుకోనివ్వకండి, అది నేరం.

నేనూ చట్టం చదివినవాణ్ణే అన్నట్టు కాస్త గొంతు సవరించుకున్నాను. అడ్రస్ రుజువు ఒక్కటి చాలు, అది శాశ్వత చిరునామాదైనా ప్రస్తుత చిరునామాదైనా సరే అని రిజర్వ్ బ్యాంకు 2014 జూన్‌లోనే చెప్పింది. 2019 నవంబరులో కేంద్రం మనీ లాండరింగ్ నిరోధక నిబంధనలను సవరించి, ఆధార్‌లో ఒక చిరునామా ఉండి మనిషి ఇంకోచోట ఉంటే, ‘నేను ఫలానా చోట ఉంటున్నాను’ అని తనే రాసిస్తే సరిపోతుందంది. బాబు అంతా ఓపిగ్గా విన్నాడు. విని కంప్యూటర్ వైపు చెయ్యి చూపించాడు. ‘‘సిస్టమ్ తీసుకోదండీ.’’ దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఈ గుళ్లో పూజారి కూడా లేడు, సిస్టమ్ ఉంది. దానికి దక్షిణ కూడా పనిచేయదు.

ఏ కాగితమూ లేనివాడికి ‘చిన్న ఖాతా’ అని ఒకటుంది. ఫొటో ఇచ్చి, అధికారి ఎదుట సంతకమో వేలిముద్రో వేస్తే చాలు. నిల్వ 50 వేలు దాటకూడదు, ఏడాదిలో జమ లక్ష దాటకూడదు, నెలలో తీసేది 10 వేలు దాటకూడదు. మేస్త్రీ కూలి రోజుకు 900 అనుకుందాం. నెలకు ఇరవై ఆరు రోజులు పనిచేస్తే అయిదో నెల రాకముందే ఆయన సంపన్నుల జాబితాలోకి ఎక్కిపోయి చిన్న ఖాతాకు పనికిరాకుండా పోతాడు. పేదరికాన్ని ఇంత వేగంగా నిర్మూలించిన పథకం మరొకటి లేదు.

ఇంటికొచ్చి ఆ కేవైసీ నిబంధనలే ముందేసుకుని మళ్లీ చదివాను. అందులో దొరికింది రత్నం. విదేశీయుడు ఖాతా కోసం వస్తే, అతని పత్రంలో చిరునామా లేకపోయినా ఫర్వాలేదు. అతని దేశపు ప్రభుత్వ శాఖ ఇచ్చిన కాగితమో, మన దేశంలోని అతని రాయబార కార్యాలయం ఇచ్చిన ఉత్తరమో చిరునామా రుజువు కింద చెల్లుతుంది. విదేశీ విద్యార్థికైతే మరీ మర్యాద. పాస్‌పోర్టు, వీసా, అడ్మిషన్ కాగితం చూపిస్తే ఖాతా తెరిచి, ఇక్కడి చిరునామా చెప్పడానికి నెల రోజులు గడువిస్తారు. మంచిదే, పరాయి ఊళ్లో పిల్లలు ఇబ్బంది పడకూడదు. నాకు తట్టిందల్లా ఒక్కటే: మన మేస్త్రీ చేసిన తప్పు విదేశంలో పుట్టకపోవడం.

పుట్టుకను దిద్దలేం. రాయబార కార్యాలయం మాత్రం కట్టుకోవచ్చు. కట్టేవాళ్లు ఎలాగూ ఈ మేస్త్రీలే.

కాన్సులేట్లకు మన ప్రాంతం అచ్చొచ్చింది కూడా. అమెరికా వాళ్లు బేగంపేట పైగా ప్యాలెస్ ఖాళీ చేసి 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకు వచ్చారు, పన్నెండెకరాల్లో. దాని పక్కనే పన్నెండు గజాల్లో బలాంగీర్ కాన్సులేట్ పెడదాం. కాన్సుల్ జనరల్‌గా సర్దార్‌నే నియమించవచ్చు. టికెట్లు, అడ్వాన్సులు, ఆస్పత్రి ఖర్చులు, ఎవరైనా పైనుంచి పడిపోతే శవాన్ని ఊరికి పంపడం, అన్నీ ఇప్పుడూ ఆయనే చూస్తున్నాడు. కమీషన్ కూడా ఆయనే తీసుకుంటాడు. వాళ్ల నువాఖాయి పండగను జాతీయ దినంగా జరిపి బ్యాంకు మేనేజర్‌ను ముఖ్య అతిథిగా పిలుద్దాం. దాని వెనకాలే పాలమూరు కాన్సులేట్, శ్రీకాకుళం కాన్సులేట్. పాలమూరు లేబర్ దేశమంతా తిరిగి డ్యాములు కట్టినవాళ్లు, వాళ్లకు ఈపాటికి ఐక్యరాజ్య సమితిలో సీటు ఉండాల్సింది.

ఇది నా సొంత తెలివి కాదు. మెక్సికో కాన్సులేట్లు 1871 నుంచీ పరాయి గడ్డ మీద ఉన్న తమవాళ్లకు ‘మత్రికులా’ అనే గుర్తింపు కార్డు ఇస్తున్నాయి. 2001 నవంబరులో అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకు ఆ కార్డు చూసి ఖాతాలు తెరవడం మొదలుపెట్టింది. గోల రేగింది. 2003 జూన్‌లో ఎఫ్‌బీఐ అధికారి అక్కడి కాంగ్రెస్ ఉపసంఘం ముందు ఈ కార్డు నమ్మదగ్గది కాదని చెప్పాడు. ట్రెజరీ మళ్లీ అభిప్రాయాలు సేకరించి, తీసుకోవాలో వద్దో బ్యాంకులే తేల్చుకోవాలన్న తన నిబంధనను సెప్టెంబరులో అలాగే ఉంచేసింది. అంటే వీసా కాగితం సరిగా లేకపోయినా కూలివాడికి ఖాతా ఇవ్వచ్చా అని వాళ్లు కొట్టుకున్నారు. మనం సొంత దేశంవాడికి, సొంత ప్రభుత్వం ఇచ్చిన పన్నెండంకెల కార్డు చేతిలో ఉన్నవాడికి ఇవ్వచ్చా అని కొట్టుకుంటున్నాం. ఈ విషయంలో మనదే పైచేయి.

నిజానికి మన దగ్గరా కాన్సులర్ కార్డు ఉండాల్సింది. ఒడిశాలో ‘దాదన్’ పేరుతో కూలీలను అడ్వాన్సు ఇచ్చి తోలుకెళ్లే పద్ధతి మీద గొడవ జరిగాకే 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. ప్రతి వలస కార్మికుడికీ పాస్‌పోర్ట్ సైజు ఫొటో అంటించిన పాస్‌బుక్ ఒకటి కాంట్రాక్టరు ఇవ్వాలని అందులో రాశారు. మా మేస్త్రీని అడిగాను, పాస్‌బుక్ ఉందా అని. ‘‘బ్యాంకుదా సాబ్?’’ అన్నాడు. ఆయన ప్రశ్నలో న్యాయం ఉంది. ఆయనకు రెండూ లేవు.

అయితే వలస కార్మికుల చిరునామా ఎవరికీ తెలియదనుకుంటే పొరపాటు. 2020 మే 1న, లాక్‌డౌన్‌లో దేశంలో మొట్టమొదటి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుంచే తెల్లవారుజామున జార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది. సుమారు 1,200 మంది కార్మికులు ఎక్కారు. ఆ రోజు ఎవరిది ఏ జిల్లానో, ఏ ఊరో ఒక్క రాత్రిలో తేలిపోయింది. కరెంటు బిల్లు అడిగిన దాఖలా లేదు. పంపించేయడానికి ఊరి అడ్రస్ చాలు, ఉండనివ్వడానికే లోకల్ అడ్రస్ కావాలి.

మేస్త్రీ నాలాగా నిబంధనలు చదువుతూ కూర్చోలేదు. బ్యాంకు నుంచి నూరడుగుల దూరంలో మనీ ట్రాన్స్‌ఫర్ దుకాణం ఉంది. అదే ఆధార్, అదే బలాంగీర్ అడ్రస్. దుకాణం కుర్రాడు దాన్ని తిప్పి చూడలేదు. ఫోన్‌కు వచ్చిన ఓటీపీ అడిగాడు, భార్య ఖాతాకు పదివేలు కొట్టాడు, వంద రూపాయలు తీసుకున్నాడు. ఆ దుకాణం బోర్డు మీద ఒక బ్యాంకు గుర్తు కూడా ఉంది. ఏ బ్యాంకో చెప్పను, మీరు అడగొద్దు.

కాన్సులేట్ పని మాత్రం ఆపలేదు. గోపన్‌పల్లి దగ్గర ఒక షట్టర్ ఖాళీగా ఉందంటే కాన్సుల్ జనరల్ గారితో కలిసి వెళ్లి చూశాను. అద్దె కుదిరింది, అడ్వాన్సూ కుదిరింది. అగ్రిమెంటు రాసుకుందామంటే ఓనరు సర్దార్‌ను ఎగాదిగా చూసి, లోకల్ అడ్రస్ ప్రూఫ్ తెమ్మన్నాడు.